అద్దాల సముద్రానికి మొలిచిన గడ్డం

అనగనగా, చేపలకు మాటలూ మనుషులకు తీరికా ఉన్న రోజుల్లో, సముద్రం ఒడ్డున ముత్యాలరేవు అనే రాజ్యం ఉండేది. ఎంత ఒడ్డునంటే, పోటు వచ్చిన రోజున కోట వంటింట్లో పులుసుకు ఉప్పు వేసేవారు కాదట. ఈ మాట చెప్పేవాడికే నమ్మబుద్ధి కాలేదు. అయినా వినేవాళ్ళు తలూపితేనే కథ నడుస్తుంది, కాబట్టి ఊపండి.

ఆ రాజ్యానికి రాజు ఉదయకేతుడు. కత్తి పట్టడం అంతంతమాత్రం గానీ గరిటె పడితే మాత్రం ఆయనకు ఎదురులేదు.

ముత్యాలరేవులో ఒక ఆచారం ఉండేది. అతిథి విస్తరి ముందు కూర్చుని "చాలు" అంటే ఎవరూ వినరు. రెండోసారి "చాలు" అంటే గరిటె గాలిలో ఒక్క క్షణం ఆగుతుంది. మూడోసారి రెండు చేతులూ విస్తరికి అడ్డం పెట్టి, "అయ్యా, చాలు, ప్రాణం పోతోంది!" అంటే అప్పుడు వేళ్ళ సందుల్లోంచి ఇంకొక్క గరిటె జార్చి వదిలిపెడతారు. ఆ ఆఖరి గరిటె కొసరు. కొసరు వడ్డించనివాణ్ణి ఆ ఊళ్ళో మనిషి కింద జమకట్టేవారు కాదు. "కొసరు లేని కూడు కూడు కాదు" అని రాజుగారు శాసనం రాయించి, కోట గుమ్మం మీద చెక్కించారు కూడా.

ఇక ఆ కోటలోని వింత సంగతి. నిలువెత్తు అద్దపు గోడలు నాలుగు నిలబెట్టి, వాటి మధ్యకు సముద్రాన్ని మోయించి పోయించారు. అడుగున తెల్లని ఇసుక. ఇసుక మీద రాళ్ళు. రాళ్ళ మీద పగడపు పొదలు. పొదల చుట్టూ పసుపు చేపలు, నీలం చేపలు, చారల చేపలు. పైకప్పు తెరిస్తే ఎండ నేరుగా నీళ్ళలోకి దిగేది. పక్కన ఒక మనిషి కూర్చుని కమ్మరి తిత్తి తొక్కుతూ నీళ్ళకు గాలి ఊదేవాడు. జనం దాన్ని అద్దాల సముద్రం అని పిలిచేవారు.

పగడం అంటే ఉంగరంలో పొదిగే రాయి అనుకునేరు! ప్రాణమున్న జీవి అది. రాయిలాంటి ఒళ్ళు, ఒంటి నిండా ఆవగింజంతేసి నోళ్ళు. నోళ్ళు విప్పితే పూలచెట్టు, ముడిస్తే బండరాయి. ఆ పొదల్లో అన్నిటికంటే పెద్దది, ఎర్రనిది, శంఖద్వీపం రాజు స్నేహానికి గుర్తుగా పంపించినది.

ఈ అద్దాల సముద్రానికి కాపరి నూకాలు.

నూకాలు ఒకప్పుడు ముత్యాల కోసం మునిగేది. ఇరవై ఏళ్ళు మునిగింది. ఆఖరికి చెవుల్లో నెత్తురు వచ్చింది. "ఇంకొక్కసారి మునిగావంటే పైకి రావడం ఉండదు" అని వైద్యుడు తేల్చి చెప్పాడు. ఆ రోజు ఆమె ఒడ్డున కూర్చుని ఏడ్చిన ఏడుపుకు సముద్రం ఒక అంగుళం పెరిగిందని ఆమే చెప్పుకుంటుంది. అది విని రాజుగారు ఆమెను పిలిపించి అద్దాల సముద్రం అప్పగించారు. అప్పటినుంచి ఆమెకు మిగిలిన సముద్రం అదొక్కటే. పొద్దున్నే వచ్చి అద్దానికి ముక్కు ఆనించి నిలబడేది. మునగకుండానే మునిగినట్టుండేది.

ఆమెకు గురువంటూ ఎవరూ లేరు. "నేను నేర్చుకున్నదంతా నా పొరపాట్ల దగ్గరే నేర్చుకున్నాను. ఆ లెక్కన ఈ దేశంలో నా అంత చదువుకున్నవాళ్ళు లేరు" అని నవ్వేది.

ఒకనాడు రాతి మీద పచ్చని చుక్క ఒకటి కనిపించింది. పదహారేళ్ళ కుర్రాడికి నూనూగు మీసం వచ్చినట్టు ముద్దుగా ఉంది.

నూకాలు మురిసిపోయింది. "చూశారా, నా చేతి చలవ! నీళ్ళలో కూడా పచ్చదనం పుడుతోంది!" అని తిత్తి తొక్కేవాణ్ణి పిలిచి మరీ చూపించింది.

వారానికి మీసం గడ్డమైంది. నెలకు గడ్డం జడైంది. రాళ్ళనూ ఇసుకనూ అద్దాలనూ పచ్చని నాచు అల్లుకుంది. చేపలు అందులోంచి దారి చేసుకుని రావలసి వచ్చింది. చివరికి నాచు ఎర్ర పగడపు పొద మెడ చుట్టూ చుట్టుకుంది. పొద నోళ్ళన్నీ ముడిచేసుకుంది. పూలచెట్టు కాస్తా బండరాయైంది.

సరిగ్గా అప్పుడే శంఖద్వీపం నుంచి పడవ వచ్చింది. మూడో పౌర్ణమికి వాళ్ళ రాజుగారు స్వయంగా వస్తున్నారట, తాను పంపిన పగడాన్ని కళ్ళారా చూసుకోవాలట.

ఉదయకేతుడు పరుగున వచ్చి అద్దం ముందు నిలబడ్డాడు. "నూకాలూ, ఏమిటిది? చేపల్ని పెంచమంటే పచ్చిగడ్డి పెంచావేం? ఆవుల్ని తోలించమంటావా?"

"మారాజా, మొదట చుక్కంతే ఉంది. ముద్దొచ్చి ఊరుకున్నాను."

"ముద్దు తర్వాత! ఆయన వచ్చిన రోజున పగడం నోరు విప్పి ఉండాలి. లేదా, ఈ నీళ్ళు పారబోయించి, అద్దాలు ఊడదీయించి, ఈ గదిని ఇంకో భోజనశాల చేయిస్తాను. నువ్వు నీ ఊరు వెళ్ళిపోవచ్చు."

ఊరెళ్ళడానికి నూకాలుకు భయం లేదు. కానీ ఊళ్ళో ఉన్నది మునగకూడని సముద్రం.

"మూడు పౌర్ణములూ ఎందుకు మారాజా! మూడు రోజుల్లో ఊడ్చేస్తాను" అంది. నోరు ముందు పుట్టి బుద్ధి తర్వాత పుట్టిన మనిషి కదా!

మర్నాడు తెల్లవారేసరికి కోట వంటింట్లో గంగాళాలు తోమే ఇరవైమందిని తీసుకొచ్చింది. తలా ఒక కొబ్బరి పీచు ఇచ్చింది. "దిగండి! గంగాళం అడుగు తోమినట్టు తోమండి!"

దిగారు. తోమారు. ఒకడు రాయిని తోమాడు, ఒకడు గవ్వను తోమాడు, ఒకడు చూపు ఆనక పక్కవాడి వీపు తోమాడు. ఊడిన నాచు తుక్కు తుక్కై నీళ్ళంతా తేలింది. అద్దాల సముద్రం కాసేపు గోంగూర పప్పులా ఉంది. సాయంత్రానికి తుక్కు అడుక్కు దిగి, రాళ్ళు తళతళ మెరిశాయి.

డప్పులు మోగాయి! రాజుగారు విందు చేశారు. చేపలకు కూడా చేశారు. బుట్టెడు రొయ్యపొట్టు నీళ్ళలో కుమ్మరించి, "తినండర్రా, ఇవాళ పండగ!" అన్నారు.

పది రోజులు గడిచాయి. తోమినప్పుడు చెదిరిన ఒక్కొక్క తుంపూ ఒక్కొక్క సందులో వేరూనుకుంది. ఒక చోట ఉన్న నాచు నూరు చోట్ల మొలిచింది.

"ఇరవైమంది చేత తోమించాననుకున్నాను. నాట్లు వేయించానన్నమాట!" అని నూకాలు నెత్తి కొట్టుకుంది. మొదటి పౌర్ణమి దాటిపోయింది.

ఈసారి సేనాపతి గండభైరవుడు ముందుకొచ్చాడు. తలగడంత మీసాలు ఆయనవి. "శత్రువును కోటలో పెట్టి దారులు మూసెయ్యాలి! నాచుకు ఎండే బలం. ఎండ ఆపు, అదే లొంగుతుంది!"

మాట నచ్చింది. నల్ల కంబళ్ళు తెచ్చి పైకప్పు నుంచి నేల దాకా కప్పారు. మూడు పగళ్ళూ మూడు రాత్రులూ లోపల చీకటే. చుట్టూ సేనాపతి గారి కాపలా. నాలుగో రోజు కంబళ్ళు లాగారు.

"హా!" అంది సభంతా. నాచు పాలిపోయి, ఉడికిన అరటి నారలా తెల్లబడి, రాళ్ళ మీంచి జారిపోయింది. ఇసుక మీద చాపలా పరుచుకుంది.

మళ్ళీ డప్పులు! రాణి కనకవల్లి కళ్ళు తుడుచుకుంది. "మూడు రోజులు చీకట్లో పస్తున్నాయి పాపం, నోరులేని జీవాలు" అని వెండి పళ్ళెం నిండా రొయ్యపొట్టు తెప్పించి తన చేత్తో వేసింది.

నోరులేని జీవాలు ఎక్కడివి! చారల చేప ఒకటి పైకొచ్చి, "అమ్మా, మీరు చల్లగా ఉండాలి, ఇంకొంచెం ఇటు పక్కన కూడా" అంది.

చచ్చిన నాచు అడుగున కుళ్ళింది. ఆ కుళ్ళు మీద ఎండ పడింది. ఇరవై రోజులకు నాచు మళ్ళీ లేచింది. ఈసారి జడలు కాదు, పొలం. అందులో ఎర్ర పగడం కొస ఒక్కటే వేలంత బయటికి కనిపిస్తోంది. రెండో పౌర్ణమీ దాటింది.

మూడో ఉపాయం దానంతటదే గుమ్మంలోకి వచ్చింది. ధూమకేశి అనే రసవాది నీలంరంగు పొడి మూట పట్టుకుని వచ్చాడు. "మైలుతుత్తం! పిడికెడు చల్లితే పొద్దుగూకే లోపు నాచు మాయం. మాట తప్పితే నా గడ్డం గీయించండి."

"చల్లు! చల్లు!" అన్నారు అందరూ. రాజుగారైతే పిడికిలి పట్టి సిద్ధంగా నిలబడ్డారు.

నూకాలు అడ్డం వచ్చింది. "మారాజా, రెండుసార్లు తొందరపడి రెండుసార్లు బోర్లాపడ్డాను. ఈసారి బోర్లాపడినా గిన్నెలో పడతాను, చిన్న దెబ్బతో పోతుంది."

ఒక గిన్నెలో అదే నీళ్ళు పోసింది. చిటికెడు పొడి కలిపింది. రాతి మీద పాకుతున్న ముసలి నత్తను తీసి అందులో పెట్టింది. నత్త ఒక్కసారి గిలగిల్లాడింది. పట్టు వదిలి వెల్లకిలా పడింది. నూకాలు చటుక్కున దాన్ని తీసి మంచి సముద్రపు నీళ్ళలో నాలుగుసార్లు కడిగి, అరచేతిలో పెట్టుకుంది. దాని ఊపిరి కోసం తన ఊపిరి ఆపుకుంది.

చాలాసేపటికి నత్త తల బయటికి పెట్టింది.

"అమ్మీ..." అంది. అని ఆగింది. నత్త మాట నత్త నడకలాంటిదే. తిత్తి తొక్కేవాడు భోజనం చేసి వచ్చేసరికి తర్వాతి మాట వచ్చింది. "...నన్ను చంపేది... పగడాన్ని కూడా... చంపుతుంది."

"తప్పైపోయింది నత్తవ్వా! నీ కాళ్ళు... నీకున్నది ఒకే కాలు కదూ, ఆ ఒక్క కాలే పట్టుకుంటాను."

ధూమకేశి మూట కట్టుకుని, గడ్డం మీద చెయ్యి వేసుకుని, వెనక తలుపు గుండా వెళ్ళిపోయాడు.

నత్తవ్వ మళ్ళీ నోరు తెరిచింది. "అందరూ... నాచును ఎలా చంపాలి... అని అడుగుతున్నారు. అది ఏం తిని... ఇంత బలిసిందీ అని... ఒక్కరూ అడగరేం?"

నూకాలు నత్తవ్వను మెల్లగా రాతి మీదకు దించింది. నిజమే! తిండి లేకుండా ఏ గడ్డమూ పెరగదు. ఎవడో దొంగ, నీళ్ళలో రహస్యంగా ఏదో వేస్తున్నాడు!

"దొరికాడు! రేపు పట్టేస్తాను వాణ్ణి!" అని ఆమె ఎగిరి గంతేసింది.

మర్నాడు అద్దాల వెనక రాయి చాటున కూర్చుంది. పక్కన ఖాళీ కుండ, బుట్టెడు రొయ్యపొట్టు పెట్టుకుంది. ఎవరు నీళ్ళలో ఎంత వేస్తే అంతే రొయ్యపొట్టు కుండలో వేసుకోవాలని ఆమె ఏర్పాటు.

మొదట రాజుగారు, స్నానం చేసి తడిజుట్టుతో వచ్చారు. "ఏమర్రా, తిన్నారా?"

చేపలన్నీ ఒక్క పరుగున పైకొచ్చాయి. "లేదు మహారాజా! నిన్నటి నుంచీ లేదు!"

"అయ్యో!" గుప్పెడు వేశారు. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి కొసరు వేశారు. నూకాలు కుండలో గుప్పెడు, కొసరు.

తర్వాత రాణిగారు. "తిన్నారా తల్లీ?" "ఎక్కడమ్మా! మమ్మల్ని అడిగేవాళ్ళే లేరు!" రెండు గుప్పిళ్ళు, కొసరు.

తర్వాత సేనాపతి. ఇటూ అటూ చూసి, మీసాలు పక్కకు తోసుకుని, పసిపిల్లలతో మాట్లాడే గొంతుతో, "నా బంగారాలు తిన్నాయా?" అన్నాడు. "మీరు వస్తారనే ఉపవాసం ఉన్నాం!" గుప్పెడు, కొసరు, ఆపైన కళ్ళనీళ్ళు రెండు చుక్కలు.

తర్వాత వంటవాడు. తర్వాత తిత్తి తొక్కేవాడు. వచ్చిన ప్రతివాడూ తానొక్కడే పెడుతున్నాననుకున్నాడు. చేపలు ప్రతివాడికీ అదే మాట చెప్పాయి, అదీ తింటూనే.

పొద్దు వాలింది. కుండ ముప్పాతిక నిండింది. దొంగ ఒకడు కాదు, ఊరు ఊరంతా! నూకాలు ఉత్సాహంగా లేచి నడుం విరుచుకుంది. ఇంకేముంది, పేర్లన్నీ సభలో చదవడమే!

అంతలో చారల చేప ఆమె ముందుకు వచ్చింది. "నూకాలత్తా, పొద్దుటినుంచీ..."

"అయ్యో నా తల్లీ!" నూకాలు చెయ్యి దానంతటదే బుట్టలోకి వెళ్ళింది, గుప్పెడు తీసింది, నీళ్ళలో వేసింది, కొసరు కూడా వేసింది.

వేసిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

రాయి చాటున కూర్చోకముందు తెల్లవారుజామున ఒకసారి వేసింది. మధ్యాహ్నం అలవాటుగా ఒకసారి వేసింది. ఇప్పుడొకసారి. అవేవీ కుండలో వేయాలని ఆమెకు తోచలేదు. తన చెయ్యి తనకు లెక్కలోకి రాలేదు! ఆ మూడూ కుండలో వేసింది. కుండ అంచుదాకా నిండి పొర్లింది.

"దొంగను పట్టాను నత్తవ్వా" అంది నీరసంగా. "అద్దంలో కనిపిస్తోంది. ముక్కు కాస్త వంకర."

నత్తవ్వ జవాబు చెప్పలేదు. చెప్పడం మొదలుపెట్టిందేమో, ఇంకా బయటికి రాలేదు.

ఆమె అంతటితో ఊరుకోలేదు, తెల్లవారి రెండు కుండల్లో సముద్రపు నీళ్ళు పోసి, రెంటిలోనూ ఒక్కొక్క నాచు తుంపు వేసి, ఎండలో పెట్టింది. ఒకదానిలో నిన్నటి రొయ్యపొట్టు చారెడు కలిపింది. రెండోదానిలో ఏమీ కలపలేదు. ఏడో రోజున రెండు కుండలూ చంకనెత్తుకుని సభకు వెళ్ళింది. మూడో పౌర్ణమి ఇంకా ఇరవై రోజులు ఉంది.

"మారాజా! నాచును మేపుతున్న దొంగలు దొరికారు!"

సభ లేచి నిలబడింది. సేనాపతి కత్తి దూశాడు. "పేరు చెప్పు! ఇప్పుడే ముక్కలు చేస్తాను!"

"మొదటి దొంగను నేను. ముందు కత్తి ఒరలో పెట్టండి, తర్వాతి పేర్లు వింటే అది మీ మీదికే తిరగొచ్చు."

నూకాలు కుండలు ముందు పెట్టింది. ఒకదానిలో పచ్చని గడ్డం కుండ మూతిదాకా ఎగబాకింది. రెండోదానిలో తుంపు తుంపుగానే వాడి ఉంది.

"రెండింటికీ ఒకే నీళ్ళు, ఒకే ఎండ. తేడా అల్లా మన దయే. చేప తినగా మిగిలింది నీళ్ళలో కరుగుతుంది. కరిగింది నాచు తింటుంది. రోజుకు మూడుసార్లు నేను వేస్తున్నాను. కొసరుతో కలిపి. ఇక..." ఇప్పుడు చెప్పబోయే మాటకు ఇల్లు పోవచ్చు, తల పోవచ్చు. చెప్పకపోతే సముద్రం పోతుంది. "...ఇక రెండో చెయ్యి తమరిది మారాజా. మూడోది రాణిగారిది. నాలుగోది ఈ కత్తి పట్టుకున్న చెయ్యే."

సేనాపతి కత్తి చప్పున ఒరలో పెట్టాడు.

ఉదయకేతుడి మొహం ఎర్రబడింది. "అన్నం పెట్టిన చేతిని దొంగ అంటావా? ఈ రాజ్యంలో అతిథికి 'చాలు' అని మనం చెప్పడమా? గుమ్మం మీద శాసనం చూడలేదూ?"

"చూశాను మారాజా. చాలు అనడం తెలిసిన అతిథికి ఇంకొక గరిటె వెయ్యొచ్చు. చాలు అనడమే తెలియని అతిథి తరఫున మనమే అనాలి."

"నా చేపలు అబద్ధమాడవు! పదండి, వాటినే అడుగుతాను!"

రాజు ముందు, సభంతా వెనక. అద్దాల ముందు నిలబడి ఆయన గంభీరంగా అడిగాడు. "నిజం చెప్పండి. ఇవాళ తిన్నారా?"

"లేదు మహారాజా!" అని చారల చేప నోరు పెద్దగా తెరిచింది. ఆ నోట్లోంచి సగం నమిలిన రొయ్య ఒకటి జారి, అద్దం మీదుగా మెల్లగా దిగుతూ, సరిగ్గా రాజుగారి కళ్ళ ఎదుట ఆగింది.

చేప దాన్ని చూసింది. రాజును చూసింది. "ఇది... నిన్నటిది" అంది.

రాజుకు నవ్వు ఆగలేదు. రాణి నవ్వింది, సేనాపతి మీసాలు ఊగేలా నవ్వాడు, పొట్టలు పట్టుకుని సభంతా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాక ఉదయకేతుడు నెమ్మదిగా అన్నాడు. "ఇన్నాళ్ళూ నన్ను ఎవరూ కాదనలేదు నూకాలూ. కాదన్నందుకు కాదు, ముందు నీ పేరు చెప్పినందుకు నీ మాట నమ్ముతున్నాను. ఏం చెయ్యమంటావో చెప్పు."

ఏముంది! రోజుకు ఒకే ఒక్క చిటికెడు. అదీ ఒకే చెయ్యి. నాచును తోమకూడదు, రోజూ కాస్త కాస్త వేళ్ళతో చుట్టి, ఒక్క తుంపు కూడా జారకుండా బయటికి తీసేయాలి. రోజూ నాలుగు బిందెల పాత నీళ్ళు తోడి, పడవ మీద లోతుకు వెళ్ళి తెచ్చిన మంచి సముద్రపు నీళ్ళు పోయాలి. నత్తవ్వ చుట్టపక్కాలను వందమందిని పిలవాలి. వాళ్ళు మిగిలిన మొలకలు మేస్తారు.

అన్నీ కుదిరాయి. కుదరనిది ఒక్కటే, చేతులు. రొయ్యపొట్టు బుట్ట ఎవరి దగ్గర ఉండాలి? రాజు చేతికిస్తే రాజుకు జాలి. రాణికిస్తే రాణికి జాలి. "నాకు అసలే వద్దు, నా చేతిని నేనే నమ్మను" అంది నూకాలు. చివరికి బుట్ట మూత మీద తడిగుడ్డ వేసి నత్తవ్వను కూర్చోబెట్టారు. బుట్ట కావలసినవాళ్ళు నత్తవ్వను లెమ్మని బతిమాలాలి. బతిమాలితే ఆమె జవాబు చెప్పేసరికి సాయంత్రమవుతుంది. ఈలోపు జాలి దానంతటదే చల్లారి, చిటికెడే మిగులుతుంది.

మొదటి వారం ఏమీ మారలేదు. చేపలు మాత్రం అద్దానికి బుగ్గలు ఆనించి శోకాలు పెట్టాయి. "మా గతి ఇంతేనా? మమ్మల్ని పట్టించుకునే నాథుడే లేడా?" సేనాపతి చెవుల్లో దూది పెట్టుకుని తిరిగాడు. రాజుగారు ఆ గది దారి మానేసి చుట్టూ తిరిగి స్నానానికి వెళ్ళారు.

పదో రోజున కూడా నాచు అలాగే ఉంది. "నూకాలూ, నిజంగా తగ్గుతుందా?" అన్నాడు రాజు తలుపు చాటునుంచి.

"తెలియదు మారాజా" అంది నూకాలు. "నాచును తీసేస్తున్నాను, తిండి ఆపాను. ఇక మిగిలింది ఓర్చుకోవడం. అది నాకూ కొత్తే."

పన్నెండో రోజున ఆమె అద్దానికి ముక్కు ఆనించి అరిచింది. "మారాజా! రండి! పరుగెత్తండి!"

రాతి మీద ఒక చోట, అరచేతి మేర, రాయి కనిపిస్తోంది! మామూలు రాయి! ముత్యం దొరికిన రోజున కూడా ఆమె అంత గట్టిగా అరవలేదు. పదిహేనో రోజుకు అద్దాలు తేటపడ్డాయి. పదిహేడుకు ఇసుక తెల్లబడింది. పద్దెనిమిదికి ఎర్ర పగడం మెడ చుట్టూ ఉన్న ఆఖరి పోగును నూకాలు రెండు వేళ్ళతో, కంట్లో నలుసు తీసినంత మెల్లగా, తీసింది.

కానీ పగడం నోరు విప్పలేదు.

పంతొమ్మిదో రోజు విప్పలేదు. ఇరవయ్యో రోజు, పౌర్ణమి, బాకాలు మోగాయి. శంఖద్వీపం రాజు ఓడ దిగాడు, కోట మెట్లు ఎక్కాడు, గదిలోకి వచ్చాడు. పైకప్పు తెరిచారు. ఎండ నీళ్ళలోకి దిగింది. ఆయన అద్దం ముందు నిలబడి చూస్తున్నాడు. ముందు ఎర్రని బండరాయి.

నూకాలు కళ్ళు మూసుకుంది. మనసులోనే చేపలకు వీడ్కోలు చెప్పడం మొదలుపెట్టింది.

"అమ్మీ..." అంది బుట్ట మీంచి నత్తవ్వ. "...కళ్ళు... తెరు..."

మాట పూర్తికాకముందే ఆమె కళ్ళు తెరిచింది. పొద చివర ఒక్క నోరు, ఆవగింజంతది, విప్పుకుంది. దాని పక్కన ఇంకొకటి. పది. నూరు. కొస నుంచి మొదలు దాకా ఎర్రని పూలు అలలా విరగబూశాయి! కనకవల్లి చప్పట్లు కొట్టింది. గండభైరవుడు చెవుల్లో దూది తీసి కళ్ళు ఒత్తుకున్నాడు.

"మా ద్వీపంలో కూడా ఇంత నిండుగా పూయదు!" అన్నాడు శంఖద్వీపం రాజు. "మిత్రమా, దీనికి ఏం పెట్టావు?"

ఉదయకేతుడు నుదుటి చెమట తుడుచుకున్నాడు. "ఎంతో కష్టపడి, ఏమీ పెట్టలేదు. అదీ నా గొప్ప కాదు. ఈ నూకాలుది. తప్పు నాది అని ముందు తానే ఒప్పుకుని, నాది కూడా నాకు చూపించింది. ఈ గదిలో ఈమె మాటే ఇకమీదట శాసనం. ఈమె బతికున్నన్నాళ్ళూ ఈ సముద్రం ఈమెది."

నూకాలుకు ఏదైనా చమత్కారంగా అనాలనిపించింది. కానీ ఆమె వెళ్ళి అద్దానికి నుదురు ఆనించి నిలబడింది. అవతల పూసిన పగడం నీళ్ళలో మెల్లగా ఊగుతోంది.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ: పీడను ఎంత పీకినా మళ్ళీ మొలుస్తుంది, దాన్ని మేపుతున్న చేతిని వెతికి ఆపినవాడే గెలుస్తాడు, ఆ వెతుకులాట తన చేతితో మొదలుపెట్టినవాడు త్వరగా గెలుస్తాడు.